అంచులు తెగిన బొమ్మ

సాయంత్రం ఏడు గంటలకు ఆ ఇంట్లో టీవీ ముందు ఒక చిన్న గొడవ జరుగుతుంది. అలాంటిది మీ ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో జరిగే ఉంటుంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను. తల్లి కుర్చీలో కూర్చుని, అంచు కనబడటం లేదంటుంది. కూతురు రిమోట్ అందుకుని ఏవో నొక్కుతుంది. తండ్రి విసుక్కుంటాడు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. పదకొండు నెలలపాటు ఆ ముగ్గురూ ఆ గొడవను తలుచుకుని నవ్వుకున్నారు కూడా.

ఇల్లు రెండు గదులది. ముందుగదిలో ఒక గోడకు టీవీ, ఎదుటి గోడకు మంచం, పక్కన ఇస్త్రీ బట్టల బల్ల. మంచం మీద తండ్రీకూతుళ్ళు కాళ్ళు చాపుకుంటారు. తల్లి స్టీలు కుర్చీ టీవీకి మూడడుగుల దూరంలో ఉంటుంది, ఎందుకంటే ఆవిడకు మిగిలిన చోటు అదే. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పని చేస్తాడు. అచ్చయిన కాగితాల అంచులు వెంట్రుకవాసి తేడా రాకుండా కోయడం ఆయన ఉద్యోగం. కూతురు సెల్‌ఫోన్ల షాపులో అమ్మకాలు చూస్తుంది. టీవీకి తగిలించిన స్ట్రీమింగ్ బాక్సు ఆ పిల్లే తెచ్చింది. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె. అది వచ్చాక ప్రపంచంలోని సినిమాలన్నీ ఆ ఇరుకు గదిలోకి వచ్చి కూర్చున్నాయి.

మొదటిసారి ఒక పాటల కార్యక్రమం చూస్తున్నప్పుడు తల్లి, పాడేవాళ్ళ పేర్లు ఎందుకు వేయడం లేదని అడిగింది. వేశారమ్మా, కింద మూలన ఉందిగా అంది కూతురు. తల్లి తల తిప్పి వెతికి, అవునే, ఉంది అని ఒప్పుకుంది. కాసేపటికి మళ్ళీ, బొమ్మకు అంచులు తెగిపోతున్నాయని అంది.

కూతురికి ఇలాంటివి కొట్టిన పిండి. కొన్ని టీవీలు బాక్సు పంపే బొమ్మను కాస్త సాగదీసి చూపిస్తాయని, దాంతో నాలుగు పక్కలా కొంత తెగిపోతుందని, డిస్‌ప్లే సెట్టింగుల్లో స్క్రీన్ సైజు తగ్గిస్తే సరిపోతుందని చెప్పింది. ఆ సెట్టింగులోకి వెళ్తే తెర నాలుగు మూలలా నాలుగు బాణాలు వస్తాయి. వాటి కొనలు తెర అంచుకు ఆనేలా సైజు పెంచడమో తగ్గించడమో చేయాలి. వంద ఉన్నదాన్ని కూతురు తొంభై ఐదు చేసింది. "ఇప్పుడు బాగుంది" అంది తల్లి. తండ్రి తన వృత్తి మాట ఒకటి విసిరాడు. మార్జిన్ వదలకుండా కోశాడు మీ బాక్సువాడు, మా ప్రెస్సులో అయితే ఆ కట్ట మొత్తం చెత్తలో వేయించేవాళ్ళు అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

రెండు నెలలు గడిచాయి. అంచు కనబడటం లేదు, మళ్ళీ. తొంభై చేశారు. ఇంకో రెండు మూడు నెలలకు ఎనభై ఐదు. బొమ్మ చుట్టూ నల్లటి పట్టీ వచ్చి చేరింది. ఇదేమిటి, చావు కబురు కార్డుకు బోర్డరు వేసినట్టు అని తండ్రి విసుక్కున్నాడు. ఆయన ఆటల పోటీలు చూసేటప్పుడు సైజు వందకు పెంచుకునేవాడు. తర్వాత తల్లి కుర్చీలోకి రాగానే మళ్ళీ అదే మాట. వెలుగు పెంచారు, రంగు చిక్కబరిచారు, అక్షరాలు పెద్దవి చేశారు. ఒకసారి రిజల్యూషన్ మారిస్తే తెర నల్లబడి, బొమ్మ కనబడుతోందా లేదా అని ఒక ప్రశ్న వచ్చింది. పదిహేను సెకన్లలో జవాబు నొక్కకపోతే పాత పద్ధతికే పోతానంది. కూతురు గబగబా అవునని నొక్కేసింది. ఆ ప్రశ్నకు జవాబు తల్లి చెప్పాలని ఆ పిల్లకు తోచలేదు.

చివరకు సైజు ఎనభైకి దిగింది. ఆ బాక్సు అంతకన్నా తగ్గదు.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇంత జరుగుతుంటే వాళ్ళకు ఎలా తెలియలేదని మీరు అనుకుంటున్నారు కదూ? తెలియకపోవడానికి వాళ్ళ దగ్గర మంచి కారణమే ఉంది. ఆవిడ సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది. ఫ్యాక్టరీలో ఏడాదికోసారి కళ్ళ పరీక్ష పెట్టి, గోడమీది అట్టలో చీమతలంత అక్షరాలు చదవమంటారు. ఆవిడ చివరి వరుస దాకా గడగడా చదివేస్తుంది. సులోచనాలు పెట్టుకున్న తోటి ఆడవాళ్ళు దారం తెచ్చి, కాస్త ఎక్కించి పెట్టవా అని ఆవిడనే అడుగుతారు. అలాంటి మనిషికి చూపు లోపం ఉందంటే ఎవరు నమ్ముతారు? ఎదురుగా ఉన్నది నిక్షేపంగా కనబడుతూ, చుట్టూ ఉన్నది కొంచెం కొంచెంగా చెరిగిపోయే జబ్బు ఒకటుందని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

చెప్పాలనుకుంటే ఆనవాళ్ళు బోలెడు. తలుపు చెక్కకు భుజం కొట్టుకునేది. పక్కన పెట్టిన టీ గ్లాసు మోచేత్తో తోసేసేది. "చూసి నడవవేం" అన్న మాట ఆ ఇంట్లో రోజుకు పదిసార్లు వినబడేది. ఫ్యాక్టరీలో ఆవిడకు రాణిగారని పేరు పెట్టారు. పక్కనుంచి నవ్వుతూ వెళ్తే పలకరించదట, ఎదురుగా వచ్చి నిలబడితేనే మనుషుల్ని గుర్తిస్తుందట. అంత పొగరేమిటోనని వెనకాల మూతి విరిచేవాళ్ళు. ప్రతిదానికీ ఒక పేరు సిద్ధంగా ఉంది. ఇంట్లో పరాకు, ఫ్యాక్టరీలో పొగరు, టీవీలో సెట్టింగు. మూడింటినీ ఒకచోట పెట్టి చూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

మరి ఆవిడకైనా తెలియదా? సగం తెలుసు. మొదట్లో నిజంగానే టీవీ తప్పనుకుంది. తర్వాత రోడ్డు దాటేటప్పుడు బళ్ళు ఆకాశంలోంచి ఊడిపడినట్టు మీదికి రావడం మొదలైంది. అప్పట్నుంచి ఎవరో ఒకరి వీపు చూసుకుని, ఆ వీపు వెనకాలే రోడ్డు దాటేది. కుర్చీని వెనక్కి జరుపుకుంటే బొమ్మ అంచులు తిరిగొస్తాయని కూడా కనిపెట్టింది. కానీ వంటగది గుమ్మంలో కుర్చీ ఏమిటని ఇంట్లోవాళ్ళు కసురుకున్నారు. ఫ్యాక్టరీలో తోపుడుబళ్ళకు అడ్డం వెళ్ళినందుకు అప్పటికి రెండు హెచ్చరిక కాగితాలు అందుకుంది. మూడోది వస్తే పని పోతుంది. కళ్ళు అన్న మాట నోట్లోంచి వచ్చిందా, అది సూపర్‌వైజర్ చెవిదాకా వెళ్తుందని ఆవిడ భయం. ఇరవై రెండేళ్ళ పని. అందుకని అన్ని సంగతులూ మింగేసి, భయం లేకుండా చెప్పగలిగింది మాత్రం చెప్పుకునేది. అంచు కనబడటం లేదు.

బాక్సులో సైజు ఇక తగ్గకపోయేసరికి మెకానిక్కును పిలిచారు. మొదట వచ్చినవాడు తీగ మార్చి వెళ్ళాడు. రెండోసారి వచ్చినాయన యాభై దాటిన మనిషి, డబ్బా టీవీల కాలంనుంచీ ఆ పనిలో ఉన్నవాడు. ఆయన అన్నీ విప్పి చూసి, మళ్ళీ బిగించి, సైజు వందకు పెట్టి, తెరమీద నాలుగు బాణాలు తెప్పించాడు. ఎవరికి అంచు కనబడటం లేదో వాళ్ళను రోజూ కూర్చునే చోట కూర్చోమన్నాడు. తల్లి కూర్చుంది.

తెర మధ్యలోనే చూపు నిలిపి ఎన్ని బాణాలున్నాయో చెప్పమన్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది. "బాణాలు పెట్టలేదుగా" అంది.

తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెకానిక్కు ఆవిడను లేపి, కుర్చీని వంటగది గుమ్మందాకా జరిపి, మళ్ళీ కూర్చోబెట్టాడు. ఇప్పుడు నాలుగూ ఉన్నాయి అంది ఆవిడ, సంతోషంగా. ఆయన రిమోట్ బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, తండ్రివైపు తిరిగాడు.

"బాక్సు బాగానే ఉందండీ, టీవీ కూడా బాగుంది. అమ్మగారిని ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించండి. ఆలస్యం చేయకండి."

ఆ మనిషి మాట అప్పుడే వినాల్సింది. వినలేదు. తండ్రికి కోపం వచ్చింది. టీవీ బాగుచేయడం చేతకాక మనిషికి వంకలు పెడుతున్నాడని, సూదిలో దారం ఎక్కించే మనిషికి కళ్ళజబ్బేమిటని అరిచి పంపేశాడు. కూతురు నెట్‌లో చూద్దామని అంది, మర్చిపోయింది. తల్లి గుమ్మంలో నిలబడి మెకానిక్కు మెట్లు దిగేదాకా చూసింది. ఆయన్ను వెనక్కి పిలవాలనుకుంది. పిలవలేదు. మూడు వారాలు అలాగే దొర్లిపోయాయి.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఆవిడ మిషను దగ్గరనుంచి లేచి నడవలోకి అడుగు పెట్టింది. ఎడమపక్కనుంచి గుడ్డల కట్టలతో తోపుడుబండి వస్తోంది. తోసేవాడు అరిచాడు కూడా. అరుపు ఎటునుంచో తెలియక ఆవిడ కుడివైపు చూసింది. బండి తగిలి ఇస్త్రీ బల్ల అంచుమీద పడింది, ముంజేయి విరిగింది. సూపర్‌వైజర్ చేతికి కట్టు కట్టించి పంపుతూ మూడో కాగితం కూడా ఇచ్చేశాడు. అంత పెద్ద బండి కనబడలేదా అని ఆయన అడిగాడట. కళ్ళు బాగానే ఉన్నాయి సార్, పరాకుగా ఉన్నాను అని ఆవిడ బతిమాలిందట. పని నిలుపుకోవడానికి ఆ నిమిషంలోనూ ఆవిడ అబద్ధమే ఆడింది. పని నిలవలేదు.

ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు. తండ్రి లేచి, ప్రెస్సునుంచి తెచ్చుకున్న తెల్లకాగితం ఒకటి తీశాడు. భార్య ఎదురుగా కూర్చుని, నా ముక్కువంకే చూడు, కాగితం కనబడగానే చెప్పు అన్నాడు. కాగితాన్ని ఆవిడ చెవి దగ్గరనుంచి మెల్లగా ముందుకు జరిపాడు. చెంప దాటింది, కన్ను దాటింది. ఆవిడ ఏమీ అనలేదు. కాగితం ఆయన ముక్కుదాకా వచ్చి ఆగాక, "ఆ, ఇప్పుడొచ్చింది" అంది ఆవిడ. రెండో వైపునుంచీ అంతే. ముప్పై ఏళ్ళు అంచులు చూసి బతికిన మనిషి, ఆ కాగితం నేలమీద పడేసి, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. కూతురు గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

మర్నాడు కళ్ళ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదైన మనిషి. చాలా పరీక్షలు చేసింది. చివరకు ఒక కాగితం ముందు పెట్టింది. దానిమీద కంటికొకటి చొప్పున రెండు గుండ్రటి బొమ్మలు, చూపు పోయిన చోటల్లా నలుపు. రెండూ దాదాపు నల్లగా ఉన్నాయి. ఎడమకంటి బొమ్మ నడిమధ్యలో మాత్రం చిన్న తెల్లటి చుక్క మిగిలింది. ఈ జబ్బు పేరు నీటికాసులు, ఇంగ్లీషులో గ్లకోమా అంటారని చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. మిగిలిన ఆ చుక్కను నిలుపుకోవడానికి బతికున్నంతకాలం చుక్కలమందు వేసుకోవాలి. ఒంటరిగా రోడ్డుమీదికి వెళ్ళకూడదు. మిషను పని ఇక మానుకోవాలి.

ఆవిడ తలూపుతూ విన్నది. మొదట్లోనే వచ్చి ఉంటే అని తండ్రి అడగబోయి ఆగిపోయాడు. అడగకపోయినా డాక్టరమ్మ జవాబు చెప్పింది. ఏడాది ముందు వస్తే ఇందులో చాలావరకు నిలిచేదని చెప్పింది. తర్వాత, ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ తెలియలేదా అని అడిగింది. కూతురు దాచకుండా అంతా చెప్పింది. వంద, తొంభై ఐదు, తొంభై, ఎనభై ఐదు, ఎనభై. అన్నిసార్లూ తన చేత్తోనే తగ్గించానని చెప్పింది.

"టీవీని ఎంతమందికి చూపించారు?" అంది డాక్టరమ్మ.

ఇద్దరికి అన్నాడు తండ్రి.

"ఈవిడని?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తిట్టడానికి అడగడం లేదు. రోజూ ఇదే చూస్తున్నాను, అందుకని చెబుతున్నాను. అంచు కనబడటం లేదని ఆవిడ పదకొండు నెలలు చెప్పింది. ఎవరికి కనబడటం లేదు అని మీలో ఒక్కరు అడిగితే ఆ రోజే తేలిపోయేది. అమ్మా, నువ్వైనా నాకు కనబడటం లేదని ఎందుకు అనలేదు?"

పాఠకులారా, ఆ 'నాకు' అన్న చిన్న మాట గురించి కాస్త ఆలోచించండి. మన భాషలో అది లేకపోయినా వాక్యం చక్కగా నిలబడుతుంది. కనబడటం లేదు, వినబడటం లేదు, నొప్పిగా ఉంది, నిద్ర పట్టడం లేదు. వినేవాళ్ళు అర్థం చేసుకుంటారన్న నమ్మకంతో ఆ మాట వదిలేస్తాం. వినేవాళ్ళకు తీరిక లేకపోతే బాధ ఎవరిదో తెలియకుండానే పోతుంది. ఇంట్లో అందరి తర్వాత తిని, మిగిలిన కుర్చీలో కూర్చునేవాళ్ళు ఆ మాటను ఇంకా ముందే వదిలేస్తారు. తప్పు టీవీమీదికి పోతుంది, బల్బుమీదికి పోతుంది, వయసుమీదికి పోతుంది.

బల్బు మాట ఊరికే అనలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగినప్పుడు ఆ తల్లి చెప్పిన సంగతి అది. వాళ్ళమ్మ చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేదట. గదిలో వెలుతురు చాలడం లేదనేదట. వాళ్ళ నాన్న పెద్ద బల్బు పెట్టించాడు. తర్వాత ఏమైందని డాక్టరమ్మ అడిగితే, ఇంకా పెద్దది పెట్టించాడు అంది ఆవిడ. చెప్పి, ఆ మాట తన చెవినే కొత్తగా పడినట్టు ఉలిక్కిపడి కూతురివైపు తిరిగింది.

ఇది రక్తంలో వచ్చే జబ్బని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. అమ్మమ్మకు, అమ్మకు ఉందంటే కూతురిని ఈరోజే చూడాలంది. కూతురు వెనక్కి తగ్గింది. షాపుకు వెళ్ళాల్సిన టైమైందని, తనకు ఏ ఇబ్బందీ లేదని, వచ్చే నెలలో చూద్దామని నసిగింది. ఎప్పుడూ గొంతెత్తి ఎరగని ఆ తల్లి, కట్టులేని చేత్తో కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుని, పరీక్ష గది గుమ్మందాకా తీసుకెళ్ళింది. దారిలో రెండుసార్లు గోడకు కొట్టుకుంది. పట్టు వదలలేదు.

పరీక్ష తేలికే. గిన్నెలాంటి తెల్లటి మిషన్లో గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ అక్కడక్కడా వెలుగు చుక్కలు వచ్చి పోతుంటాయి. చుక్క కనబడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. బయట బల్లమీద తల్లీ తండ్రీ పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడకు తలుపు కనబడుతోంది, తలుపు పక్కన నిలబడ్డ నర్సు కనబడటం లేదు. ఉద్యోగం పోయిందని, రేపట్నుంచి రోడ్డు దాటలేనని ఆవిడ అనుకోవడం లేదు. నా చూపు పోతే పోయింది, ఆ పిల్లది ఉంటే చాలని లోపల్లోపల బతిమాలుకుంటోంది. ఎవర్ని బతిమాలుకుంటోందో ఆవిడకే తెలియదు.

తలుపు తెరుచుకుంది. కూతురు నవ్వడానికి ప్రయత్నిస్తూ బయటికి వచ్చింది.

"వాళ్ళ మిషన్ సరిగ్గా లేనట్టుందమ్మా. ఎడమపక్క చుక్కలు రావడం లేదు."

తల్లి, కూతురి మొహం తన చూపులో మిగిలిన ఆ కాస్త జాగాలోకి వచ్చేదాకా తల తిప్పుకుని, దాన్ని అలాగే చూసింది. ఇరవై నాలుగేళ్ళ మొహం. ఏడిస్తే ఆ కాస్తా కనబడదని ఏడుపు ఆపుకుంది.

"మిషన్ని అనకు తల్లీ. నేను పదకొండు నెలలు టీవీనే అన్నాను. ఇప్పుడే లోపలికెళ్ళు. రావడం లేదని కాదు, నాకు కనబడటం లేదని చెప్పు."